అమ్మకి చూపించిన అద్దం

మొన్న అటకలు దులిపిస్తుంటే మా పనమ్మాయి ఒక అద్దం కిందకి దించింది. పాత చీరలో చుట్టి, పైన పురికొసతో కట్టి ఉంది. విప్పి చూసి, కింది మూల వేలెడంత ముక్క లేచిపోయి ఉందని గమనించి, ముట్టుకోకూడనిది ముట్టుకున్నట్టు దూరంగా పెట్టింది. "పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదమ్మా. అందుకే మీ మోకాళ్ళ నొప్పులు తగ్గట్లేదు. చెత్తబండి ఇంకా వీధి చివరే ఉంది, ఇచ్చేసి రానా?" అంది. నేను జవాబు చెప్పేలోపే పేపరు వెనక నుంచి మా ఆయన, "దాన్ని కదపొద్దని చెప్పు" అన్నారు. ఆయన పేపరు చదువుతున్నప్పుడు ఇల్లు కూలినా తలెత్తరు. అలాంటి మనిషి పేపరు మడిచి పెట్టి, లేచి వచ్చి, అద్దం మీది దుమ్ము తుడిచి, మళ్ళీ చీర చుట్టి, ఈసారి అటక మీద కాకుండా బీరువా పక్కన నిలబెట్టారు. పనమ్మాయి నా వంక చూసింది. వయసు మీదపడితే మగవాళ్ళు ఇంతేలే అన్నట్టు నేనూ తనవంక చూశాను. అసలు సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది, తనకి ఇంకా రెండిళ్ళ పని ఉంది.

ఆ అద్దం ఒకప్పుడు నా డ్రెస్సింగ్ టేబుల్‌ది. చెక్కకి చెద పట్టి టేబుల్ పోయింది, అద్దం మిగిలింది. దానికి రెండో ఉద్యోగం ఇప్పించింది మా ఆయనే. ఆయన బాపట్లలో కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే తెనాలిలో రైలెక్కడం, సాయంత్రానికి దిగడం తప్ప వేరే లోకం తెలియని మనిషికి, రిటైరయ్యాక రాళ్ళ పిచ్చి తలకెక్కింది. రాళ్ళంటే రాతలున్న రాళ్ళు. గుడి ముందు శాసనం, చెరువు గట్టున ఏ వీరుడి పేరో చెక్కిన రాయి, కాలువ లాకుల దగ్గర పాత పలక, కూలిపోయిన సత్రం గోడలో దాత పేరు, ఏదైనా సరే. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడింటి మధ్య ఉన్న ఊళ్ళన్నీ తిరిగి, ఎక్కడే రాయి ఉందో చూసి రావాలని ఆయన పట్టుదల. ఆయనకి కారు నడపడం రాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. యాభై దాటాక, అందరూ నవ్వుతుంటే, పంతం పట్టి డ్రైవింగు నేర్చుకున్నాను. అందుచేత చరిత్ర పరిశోధనలో నా వంతు స్టీరింగు. ఆయన కళ్ళు రాళ్ళ కోసం వెతికేవి, నావి గుంటల కోసం.

అద్దం ఎందుకంటే, అరిగిపోయిన అక్షరం ఎదురుగా నిలబడి చూస్తే కనపడదు. వెలుతురు పక్కనుంచి, ఏటవాలుగా పడాలి. అప్పుడు గీత గీతకీ సన్నని నీడ పడి అక్షరం లేచి కూర్చుంటుంది. పొద్దున పూటా, సాయంత్రం పూటా ఎండే ఆ పని చేసిపెడుతుంది. మిగతా వేళల్లో ఎండలో అద్దం పట్టుకుని, ఆ వెలుగుని రాయి మీదకి మళ్ళించాలి. కొందరు ఈ బాధంతా ఎందుకని సుద్దముక్కతో అక్షరాలు దిద్దేస్తారు. మా ఆయన దృష్టిలో అది మహాపాపం. దిద్దేవాడు తనకి తోచిన అక్షరమే దిద్దుతాడు, ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా రాయిని వదిలేసి సుద్దని చదువుతారు అంటారు. కళ్ళతో చూడనిది చెప్పరు. సగం చూస్తే ముందు "బహుశా" అని పెడతారు. ఇంట్లో ఉప్పు అయిపోయిందా అని అడిగినా బహుశా అనే అంటారు, అది వేరే సంగతి.

కారు డిక్కీలోంచి అద్దం దించేసరికి చుట్టూ పదిమంది చేరేవారు. "రోడ్డు వెడల్పు చేస్తారా సార్?" అన్నది మొదటి ప్రశ్న. కాదంటే, గొంతు తగ్గించి, "నిధులేమన్నా ఉన్నాయంటారా?" అన్నది రెండోది. బాపట్ల దగ్గర ఒక పల్లెలో ఒకావిడ మమ్మల్ని పాత సామాన్లు అమ్ముకునేవాళ్ళనుకుని, ఇంత పాత అద్దం ఎవరు కొంటారమ్మా, ఎండన పడి తిరుగుతున్నారు అని జాలిపడి మజ్జిగ ఇచ్చింది. తాగాం. ఇంకో చోట ఒక పెద్దమనిషి ఆయన అద్దం పట్టుకుని కూర్చుంటే ఎదురుగా వచ్చి, మీసం సరిచూసుకుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇన్ని ఊళ్ళు తిరిగాక నాకు అర్థమైందేమిటంటే, మన వైపు జనానికి పేరు రాయించడమంటే మహా ఇష్టం. బెంచీ ఇస్తే బెంచీ మీద పేరు, ట్యూబులైటు ఇస్తే దాని పట్టీ మీద పేరు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా ఎర్ర రంగుతో ఫలానావారి జ్ఞాపకార్థం అని రాయిస్తారు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పుణ్యాత్ముడెవరో తెలియదు, కరెంటు పోతే తెలుస్తుంది. నేను నవ్వితే మా ఆయన కోప్పడేవారు. రాజుల రాళ్ళలో ఉన్నదీ ఇదే, అక్షరాలు పాతవి అంతే అనేవారు.

మా ఇంట్లో పెద్దమ్మ ఉండేది. మా అమ్మకి అక్క. పెద్దనాన్న పోయాక, మా అమ్మా పోయాక, నా దగ్గరికి వచ్చేసింది. తొంభైకి దగ్గర పడుతున్నా కత్తిపీట ముందు కూర్చుంటే బస్తా నిమ్మకాయలు తరిగేది. ఓదార్పు మాటలంటే ఆవిడకి అస్సలు గిట్టదు. కంటి ఆపరేషను చేసే డాక్టరు, ఏం ఫరవాలేదు మామ్మగారూ అంటే, "ఫరవాలేదో లేదో కట్టు విప్పాక నేను చెబుతాను, మీరు పని కానివ్వండి" అంది. మా తిరుగుళ్ళ గురించి ఎప్పుడూ మంచీ చెడ్డా అనలేదు. మేం వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంచేది. ఒకరోజు మధ్యాహ్నం మా ఆయనకి చారు వడ్డిస్తూ, ఏదో కూర సంగతి అడిగినట్టుగా, "అల్లుడుగారూ, ఊళ్ళోవాళ్ళ రాళ్ళన్నీ చదువుతున్నారు. మా రాయి ఒకటుంది. చూసిపెడతారా?" అంది.

మాకు ఆ రాయి సంగతి ఏమీ తెలియదు. పెద్దమ్మకి పిల్లల్లేరని మాత్రమే నాకు తెలుసు, మా అమ్మ అంతే చెప్పింది. పిల్లల్లేకపోవడం కాదు, ఒక ఆడపిల్ల పుట్టి, ఐదారేళ్ళు పెరిగి పోయిందట. పెద్దనాన్నది కాలువల శాఖలో ఉద్యోగం. రేపల్లె ఇవతల ఒక ఊరి లాకుల దగ్గర, గట్టు మీదే క్వార్టర్సు. పిల్లకి జ్వరం వచ్చింది. అప్పట్లో జ్వరంలో పచ్చి నీళ్ళు ఇస్తే సన్నిపాతం కమ్ముతుందని అందరూ అనుకునేవాళ్ళు. "చివరి రోజంతా నీళ్ళు, నీళ్ళు అంది. పెద్దవాళ్ళు వద్దన్నారు. నేను ఇవ్వలేదు" అంది పెద్దమ్మ. ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, చెబుతూ చెబుతూనే గిన్నె మీద మూత పెట్టింది.

ఆ తర్వాత పెద్దమ్మ పట్టుబట్టి గట్టు పక్కన ఒక మంచినీళ్ళ బావి తవ్వించింది. ఆ వైపు పొలాల్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. కాలువ గట్టుని ఆనుకుని తవ్వితే మాత్రం తియ్యటి నీళ్ళు పడతాయి. నాట్లకి వెళ్ళే కూలీలూ, రేపల్లె సంతకి నడిచిపోయేవాళ్ళూ అక్కడ ఆగి తాగేవారు. బావి పక్కన పిల్ల పేరు చెక్కించి ఒక రాయి నాటించారు. కొన్నాళ్ళకి పెద్దనాన్నకి ఎక్కడికో బదిలీ అయింది. ఆ వైపు మళ్ళీ వెళ్ళడానికి ఆవిడకి మనసొప్పలేదు. "దానికి ఫోటో లేదు. బళ్ళో వేయలేదు కాబట్టి అక్కడా పేరు లేదు. ఆ రాయి మీద ఒక్కచోటే రాసి ఉంది. అది ఉందో లేదో తెలుసుకుని పోదామని" అంది. మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది. "ఉంటే ఉందనండి. లేకపోతే లేదనండి. నన్ను ఊరుకోబెట్టడానికి మాత్రం ఏమీ చెప్పకండి" అని, ఇంకాస్త చారు వేసింది.

ఆ వారమే బయల్దేరాం. అవి కోతల రోజులు. జంపని, వేమూరు దాటి భట్టిప్రోలు మీదుగా వెళ్తుంటే సగం రోడ్డు ధాన్యం ఆరబోతే. మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టర్లు. ధాన్యం మీద చక్రం ఎక్కితే తిట్లు, ఎక్కకపోతే కాలువలో పడతాం. ఎలాగో ఆ ఊరు చేరి, కనపడినవాళ్ళందరినీ గట్టు మీద పాత బావి ఎక్కడని అడిగాం. "బావేంటండి, కుళాయిలొచ్చి ఎన్నాళ్ళయింది" అన్నారు. చివరికి టీకొట్టు దగ్గర ఒక ముసలాయన చెప్పాడు. "ఉండేదండి. ఉప్పెనలో బురద కొట్టుకొచ్చి పూడిపోయింది. తర్వాత గట్టు ఎత్తు చేశారు, బావి గట్టు కిందకి పోయింది." రాయి సంగతో అంటే, "రాయి సంగతి తెలవదండి" అన్నాడు.

అక్కణ్ణుంచి మా ఆయన వెతుకులాట మొదలైంది. రాయి ఎక్కడికీ పోదు, జనం దాన్ని దేనికో ఒకదానికి వాడుకుంటారు, అదీ ఆయన నమ్మకం. తూముల కింద దూరారు. గేదెల కొట్టాల్లో గుంజల పక్కన రాళ్ళు చూశారు. రేవులో బట్టలుతికే బండలు తిరగేయబోతే ఒకావిడ, "ముందు నా చీర తీసుకోనివ్వండి బాబాయిగారూ" అంది. ఇలా మూడు నాలుగు సార్లు వెళ్ళాం. వెళ్ళినప్పుడల్లా గట్టు మీద ఒక వేపచెట్టు నీడన కారు ఆపుకునేవాళ్ళం. చెట్టు కింద చిన్న సిమెంటు దిమ్మ, దాని మీద మోకాలెత్తు అమ్మవారు. ఒళ్ళంతా పసుపు ముద్ద, పైన వెండి కళ్ళు, మెడలో గాజుల దండ. మా ఆయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, రాళ్ళు వెతకడానికి వెళ్ళిపోయేవారు. ఎన్నో రాళ్ళు తిరగేసిన మనిషికి, దణ్ణం పెట్టిన దాన్ని చదవాలని తోచలేదు. నాకూ తోచలేదు. మనవాళ్ళెవరికీ తోచదు.

తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ వరండాలో కూర్చుని ఉండేది. మా ఆయన చెప్పులు విప్పకముందే, "కనపడలేదండి అత్తయ్యగారూ" అనేవారు. "సరే, కాళ్ళు కడుక్కోండి, అన్నం తిందురుగాని" అనేది ఆవిడ. ఆ రెండు మాటలే. ఒకసారి దారిలో నేను, పోనీ ఏదో ఒక రాయి చూశామని చెబితే ఏం పోయింది, ఆవిడ వెళ్ళి చూడబోతుందా అన్నాను. ఆయన భట్టిప్రోలు నుంచి తెనాలి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేనూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, మినుము కోతలప్పుడు, ఇక ఇదే ఆఖరుసారి అనుకుంటూ వెళ్ళాం. వేపచెట్టు కింద కారు దిగి, నేను నీళ్ళ సీసా మూత తీసి నోటిదాకా తెచ్చాను. పొలంలోంచి వస్తున్న ఒకావిడ, నెత్తిన మినపకట్టె మోపు, దూరం నుంచే చెయ్యి ఊపింది. "అమ్మా, ఆగండాగండి. ముందు అమ్మకి పోసి తాగండి."

"ఏ అమ్మకి?" అన్నాను.

"ఈ అమ్మకేనండి. గట్టమ్మ. ఇక్కడ నీళ్ళు తాగేవాళ్ళు ముందు అమ్మకి రెండు చుక్కలన్నా పోయాలండి." మోపు దించి, నడుముకి కట్టుకున్న సీసా తీసి, అమ్మవారి మీద ధారగా పోసి, ఆ తర్వాతే తను తాగింది. ఎందుకలా అని అడిగాను. "ఎందుకంటే ఏం చెబుతామండి. మా అత్త పోసేది, నేను పోస్తన్నాను. పిల్లలకి జొరమొచ్చినా ఇక్కడే పోస్తాం. తగ్గిపోద్ది."

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెవి నాది. ఎక్కడి గొంతు ఎక్కడ కలపాలో దానికి వెంటనే తెలుస్తుంది. మా ఆయన వంక చూశాను. ఆయన అప్పటికే దిమ్మ ముందు వంగి, పసుపులోంచి ఏమైనా కనపడుతుందేమోనని కళ్ళు చిట్లించి చూస్తున్నారు. ఏమీ కనపడదు, అంగుళం మందాన పేరుకుంది. గోటితో కాస్త గీకబోయినట్టున్నారు, ఆవిడ గొంతు పెద్దదైంది. "మీద చెయ్యేయకండి బాబుగారూ. ఏడాదికోసారి మేమే తలంటు పోస్తాం. కాలవకి నీళ్ళొదిలాక మొదటి శుక్రవారం. అప్పుడు పాత పసుపంతా కడిగేసి కొత్త పసుపు పెడతాం. చూడాలంటే అప్పుడు రండి." ఆవిడ అత్తగారి కాలం నుంచీ ఆ తలంటు వాళ్ళింటి ఆడవాళ్ళదేనట.

ఇంటికి రాగానే నేను ఆగలేక పెద్దమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ నిమ్మకాయలు తరుగుతోంది. ముందు అమ్మకి పోసి తాగుతారట అన్నప్పుడు కత్తిపీట పక్కకి జరిపింది. "నేనే చెప్పాను. బావిలోంచి మొదటి చేద తోడినరోజు, ఆ నీళ్ళు రాయి మీద పోసి, తాగేవాళ్ళు ముందు దీనికి కాసిని పోయండమ్మా అని అక్కడున్నవాళ్ళకి చెప్పాను" అంది. అయితే అదే పెద్దమ్మా అన్నాను. "అదే అని నీకనిపిస్తోంది. నాకూ అనిపిస్తోంది." మా ఆయన వైపు తిరిగి, "అక్షరాలు చూశారా?" అంది. లేదండి అన్నారాయన. "అయితే చూశాకే చెప్పండి" అని మళ్ళీ కత్తిపీట ముందుకి లాక్కుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ ఇద్దరే, ఒకరికొకరు సరిపోయారు అనుకున్నాను.

ఆ వేసవి చాలా పొడుగ్గా గడిచింది. పెద్దమ్మ బాగా తగ్గిపోయింది. అన్నం సగానికి వచ్చింది, మంచం దిగడానికి గోడ పట్టుకునేది. పొద్దున్నే పాలవాడు వెళ్ళగానే, "కాలవకి నీళ్ళొదిలారా?" అని అడిగేది. పాలవాడు ఈవిడకి ఎక్కడో పెద్ద పొలం ఉందనుకునేవాడు. ఆ ఏడు నీళ్ళు ఆలస్యమయ్యాయి. రైతులు ఎంత ఎదురుచూశారో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో మాత్రం పేపరు రాగానే ముగ్గురం ఆ వార్త కోసమే వెతికేవాళ్ళం. డాక్టరు కారు ప్రయాణం వద్దన్నాడు. ఎందుకు వద్దంటున్నాడో పెద్దమ్మ ఓపిగ్గా విన్నది. విని, "వెళ్ళకపోతే బాగుపడతానా?" అని అడిగింది. డాక్టరు మందుల చీటీ అందుకున్నాడు. "అయితే వెళ్తాను" అంది.

చివరికి నీళ్ళు వదిలారు. ఆ శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. పెద్దమ్మని ముందు సీట్లో దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. వెనక సీట్లో మా ఆయన, ఒళ్ళో చీర చుట్టిన అద్దం. ఆకాశమంతా మబ్బు. వానాకాలం మబ్బు చూసి దిగులుపడిన రైతు బిడ్డని ఆ రోజు నేనొక్కదాన్నే అయ్యుంటాను. కాలువలో ఎర్ర నీళ్ళు గట్టు అంచులు ఒరుసుకుంటూ పోతున్నాయి. పెద్దమ్మ ఆ నీళ్ళవంక తప్ప ఇంకెక్కడికీ చూడలేదు.

మేం వెళ్ళేసరికి తలంటు మొదలైంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు. మూడురాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. మినుము చేలో కనపడిన ఆవిడే, చీర ఎగదోపుకుని, అమ్మవారికి నువ్వులనూనె పట్టించి, కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో రుద్దుతోంది. ఇంట్లో ఆడపిల్లకి రుద్దినట్టే, కళ్ళలో పడుతుందేమోనని పైభాగం దగ్గర చెయ్యి అడ్డం పెడుతోంది. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నీళ్ళలో పోయింది. లోపల నల్లటి రాయి బయటపడింది. గీతలున్నాయో లేవో, ఆ మబ్బు వెలుతురులో ఏమీ తెలియడం లేదు. పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడెవరని ఎవరూ అడగలేదు. అమ్మని చూడటానికి వచ్చిన ఎవరో పెద్దావిడ అనుకున్నారు.

మా ఆయన అద్దం విప్పగానే తలంటు పోస్తున్నావిడ అనుమానంగా చూసింది. "అదేంటండి?" ఆయన వెలుతురు, ఏటవాలు, నీడ అంటూ పాఠం మొదలుపెట్టబోతే నేను అడ్డం వెళ్ళి, అద్దం అన్నాను.

"అమ్మకి చూపిస్తారా?"

"అవునమ్మా, చూపిస్తాం."

"చూపించండి, మంచిదేగా. తలంటు పోసుకున్నాక అద్దం చూసుకోవద్దా" అంది.

అలా అనుమతి దొరికింది. ఎండ మాత్రం దొరకలేదు. ఆయన గట్టు అంచున అద్దం పట్టుకుని మబ్బులకేసి చూస్తూ నిలబడ్డారు. కొత్త పసుపు కలిపిన పళ్ళెం సిద్ధంగా ఉంది. ఇంకాసేపాగమ్మా అని నేను రెండుసార్లు బతిమాలాను. మూడోసారి అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నప్పుడు, కాలువ అవతల చేల మీద ఎండ పడింది. అది నీళ్ళు దాటి మెల్లగా గట్టెక్కింది. ఆయన అద్దం పక్కకి తిప్పారు. "అలా పక్కన పట్టుకుంటే అమ్మకెలా కనపడుద్ది సార్? ఎదురుగా పట్టండి" అంది ఆవిడ. పాపం ఆయన, ముందు ఎదురుగా వెళ్ళి, భక్తిగా అమ్మకి అద్దం చూపించి, ఆ తర్వాత ఒక్కో అడుగే పక్కకి జరుగుతూ వెలుగుని రాయి మీదకి ఏటవాలుగా దించారు. అక్షరాలు లేచాయి. ముందు ఒకటి, దాని పక్కన ఇంకొకటి. మా ఆయన చదివారు. బహుశా అనలేదు. ఆ పేరు చదివి, కింద ఇంకో పంక్తి, దాహం తీర్చుకుని వెళ్ళండి అని ఉన్నది చదివారు.

"ఇంకోసారి చదవండి" అంది పెద్దమ్మ. చదివారు. రెండోసారి పేరు పూర్తవుతుండగా ఆయన పెద్దమ్మ వైపు తిరగబోయి అద్దం జారవిడిచారు. మూల దిమ్మకి తగిలి ముక్క లేచిపోయింది. తలంటు పోసినావిడ మాత్రం, "ఏం కాదులెండి, అమ్మ దిష్టి తీసుకుంది" అంది. ఆ తర్వాత, "ఏం రాసుందండి అమ్మ మీద?" అని అడిగింది. మిగతా ఆడవాళ్ళూ దగ్గరికొచ్చారు.

మా ఆయన నోరు తెరిచారు. రాయి మీద ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయన ధర్మం. ఆయన్ని అంత ఇరకాటంలో నేనెప్పుడూ చూడలేదు. ఆయన కంటే ముందు పెద్దమ్మే చెప్పింది. "అమ్మ పేరేనమ్మా. పేరూ, దాహం తీర్చుకుని పొమ్మనీ రాసుంది." ఆడవాళ్ళందరూ చెంపలేసుకున్నారు. పెద్దమ్మ చెయ్యి చాపితే నీళ్ళ సీసా అందించాను. కుర్చీలోంచి లేచి, నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, రాయి మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. సగం సీసా అయ్యాక ఆవిడ, "చాలు మామ్మగారూ" అంది. "చాలదమ్మా" అంది పెద్దమ్మ. సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది. నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

పసుపు పళ్ళెం అందుకుని ఆవిడ, మీ చేత్తో మొదట పెట్టండి అంది. పెద్దమ్మ తన బోసి నుదురు చూపిస్తూ, "నేను పెట్టకూడదు గదమ్మా" అంది. "అమ్మ దగ్గర అవన్నీ ఏంటండి, పెట్టండి" అని ఆవిడే పెద్దమ్మ చేతిని తీసుకుని పళ్ళెంలో ముంచింది. పెద్దమ్మ మొదటి పసుపు ఆ పేరు మీదే పూసింది. ఒక్కో అక్షరం మీదా మెల్లగా, గీతల్లోకి వెళ్ళేలా అద్ది, ఏమీ కనపడకుండా నున్నగా చేసింది. కార్లో కూర్చున్నాక, "ఇప్పుడు నాకూ కాసిని ఇవ్వు" అని మంచినీళ్ళు అడిగి తాగింది. వేమూరు దాటాక, "నేను దాన్ని ఒక్కదాన్నీ వదిలేసి వచ్చాననుకున్నాను ఇన్నాళ్ళూ. వారం వారం పసుపూ కుంకుమా, గాజులూ, పొద్దునా సాయంత్రం నీళ్ళూ. నేను ఇంకేం చేసేదాన్ని చెప్పు" అంది.

ఆ తర్వాత ఇంకో ఏడాది బతికింది. డాక్టరు ఆశ్చర్యపోయాడు గానీ మేం ఆశ్చర్యపోలేదు. ఇంకో సంగతి చెప్పాలి. ప్రతి రాయినీ నాలుగు వైపులా ఫోటో తీసే మా ఆయన ఆ రోజు ఒక్క ఫోటో తీయలేదు. మర్చిపోయానంటారు. నేను నమ్మను, అడగను కూడా. ఆ పేరు చూసింది ఆయన, చూపించినది ఈ పగిలిన అద్దం. దీన్ని చెత్తబండిలో ఎలా వేయమంటారు?

ఇందులో నేనెవరి పేరూ రాయలేదు. మా పేర్లు ఆధార్ కార్డుల నుంచి కరెంటు బిల్లుల దాకా ఎక్కడ పడితే అక్కడే ఉన్నాయి. పసుపు కింద ఉన్న ఆ ఒక్క పేరు మాత్రం రాస్తాను. శేషారత్నం. ఇకమీదట అది రెండుచోట్ల ఉంటుంది. ఈ ఏడు కాలువకి ఇంకా నీళ్ళు వదల్లేదు. పొద్దున్నే పేపరు రాగానే ఏటా గట్టమ్మ తలంటుకి వెళ్ళే మేమిద్దరం ఆ వార్త కోసమే చూస్తున్నాం. పంచాంగంలో ఉగాది ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది గానీ, మా ఇంట్లో కొత్త సంవత్సరం ఇంకా రాలేదు, నీళ్ళొచ్చిన మొదటి శుక్రవారం వస్తుంది.